పక్కపక్క సంతకాలు

పదకొండో భాగం

పోయిన వారం మన పిచ్చుకను ఒక కాలు గడపకు ఇవతల, రెండో కాలు అవతల ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఆమెను లోపలికి నడిపించేముందు, ఈ వారమే మనతో కలిసినవారి కోసం నాలుగు మాటలు.

పిచ్చుక అన్నది మొగుడు పెట్టిన ముద్దుపేరు. పెళ్ళయి మూడు నెలలు. ఒకే గ్లాసులో ఆనుకుని నిలబడ్డ రెండు టూత్‌బ్రష్‌లను చూసి పొద్దున్నే తనలో తాను నవ్వుకునే రోజులు. ఆరబెట్టిన ఆయన చొక్కా చెయ్యి గాలికి ఊగి తన చున్నీ మీద పడితే, అది కూడా ఒక విశేషమే. ఇద్దరిదీ ఒకటే ఆఫీసు, నరాల జబ్బుల పరిశోధన కేంద్రం. చేతులు వణికే, నడక బిగుసుకుపోయే రోగులకు అక్కడ ఒక కొత్త మందు ముక్కులో చుక్కలుగా వేసి చూస్తున్నారు. సగం మందికి అసలు మందు, సగం మందికి వట్టి ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడుతోందో రోగులకు తెలియదు, డాక్టర్లకు తెలియదు, పిచ్చుకకు అసలే తెలియకూడదు. ఎందుకంటే రోగులు గీసిన సుడిగీతలు, రాసిన వాక్యాలు చూసి మార్కులు వేసేది ఆమే.

తెలిసినవాళ్ళు ఆ భవనంలో ఇద్దరే. ఒకరు మందు కొలిచే ఫార్మసిస్టు. ఆయన్ను అందరూ ‘చుక్కలు’ అంటారు. మన పిచ్చుక మొగుడు ఆయనే. రెండోవారు పొడుగు సిస్టర్. వరండాలో నేల మీద అడ్డంగా పసుపు టేపు అంటించి ఉంటుంది. ఇవతల తెలియనివాళ్ళు, అవతల తెలిసినవాళ్ళు. పెళ్ళి కబురు చెప్పగానే పెద్ద డాక్టరు తల పట్టుకుని, ఇంట్లో మందు ఊసు ఎత్తమని ఇద్దరిచేతా కాగితం రాయించుకున్నాడు. పెళ్ళికి ఆయన ఇచ్చిన బహుమతి అదే అని వాళ్ళిద్దరూ నవ్వుకునేవారు.

మొదట్లో నవ్వుకునేవారు. ఆ తర్వాత ఆమెకు నవ్వు రావడం మానేసింది. మొగుడి దగ్గర ఒక రహస్యం ఉండటం ఒక ఎత్తు, అది ఇంకో ఆడమనిషితో కలిసి ఉండటం ఇంకో ఎత్తు. “సిస్టర్ అని పిలిచినంత మాత్రాన తోబుట్టువైపోదే” అని ఫోన్‌లో అక్క ఒక నిప్పురవ్వ వేసి, ఆనక హాయిగా నిద్రపోయింది. నిద్ర పట్టనిది పిచ్చుకకే.

పోయిన శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు, గీతకు అవతలి గదిలోంచి మొగుడి నవ్వు వినిపించింది. మామూలు నవ్వు కాదు. ముక్కు ఎగబీలుస్తూ, ఊపిరాడనట్టు నవ్వే నవ్వు. అది ఇంట్లో వాడకానికి మాత్రమే ఉందని ఆమె అనుకునేది. గీత దాటింది. తలుపు తోసింది. పొడుగు సిస్టర్ కుడిచెయ్యి మొగుడి రెండు చేతుల మధ్య ఉంది.

ఇక లోపలికి వెళదాం.

* * *

“నువ్విక్కడికి రాకూడదు” అన్నాడు చుక్కలు.

మొదటి మాట అదా! పిచ్చుకకు చెవులు గుంయ్‌మన్నాయి. రూలు ప్రకారం ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళు నిజమే. కానీ మొగుడి చేతుల్లో ఇంకొకరి చెయ్యి చూసిన మనిషికి రూలు పుస్తకం ఏ పేజీలో తెరుచుకుంటుంది?

సిస్టర్ చెయ్యి వెనక్కి తీసుకుని చంక కింద పెట్టుకుంది. నిదానంగా. ఆ నిదానమే ఇంకా మండించింది. తప్పు చేసినవాళ్ళు గభాలున లాక్కోవాలి కదా, కనీసం ఆ మర్యాదైనా లేదా!

“ఆ చెయ్యేంటి?” అంది పిచ్చుక.

“ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.”

“ఇంట్లో ఆఫీసు మాటలొద్దన్నారు. ఆఫీసులో ఇంటి మాటలొద్దన్నారు. మరి నేనెక్కడ అడగాలండీ? బస్టాపులోనా?”

సిస్టర్‌కు నవ్వాగలేదు. “బాగా అడిగింది, ఏమోయ్ చుక్కలూ. చెప్పు సమాధానం” అంది.

ఏమోయ్! తను మూడు నెలలుగా ‘ఏమండీ’ దగ్గరే ఆగిపోయిందే, ఈవిడ ఏమోయ్ దాకా ఎలా వెళ్ళింది? ఆ ఒక్క యకారం పిచ్చుక గుండెలో ముల్లులా దిగబడింది.

చుక్కలు నోరు తెరిచాడు. సిస్టర్ వైపు చూశాడు. మూశాడు. అలా ఆవిడ అనుమతి కోసం చూడటం పిచ్చుక కళ్ళపడనే పడింది. అంతలో గోడ గడియారం కింద ఎర్రదీపం వెలిగింది. కింద గదిలో రోగి కుర్చీలో కూర్చున్నాడని గుర్తు. ఆ మందుకు ఒక పాడు గుణం ఉంది. చల్లటి పెట్టెలోంచి బయటికి తీసిన పావుగంటలో ముక్కులో పడాలి, లేకపోతే చచ్చిపోతుంది. ఎవరు అలిగినా, ఎవరు ఏడ్చినా దానికి పట్టదు.

“ఐదు నిమిషాల్లో వస్తా. పిచ్చుకా, దయచేసి నీ గదికి వెళ్ళు. టేబుల్ మీద ఏదీ చూడకు” అన్నాడు. మంచుపెట్టె చంకన పెట్టుకుని పరుగెత్తాడు. బూట్ల చప్పుడు మెట్ల మీద దిగిపోయింది.

పిచ్చుక వెళ్ళలేదు.

“కూర్చో అమ్మాయ్” అంది సిస్టర్.

“కూర్చోవడానికి రాలేదు.”

“అయితే నిలబడే తిట్టు. నేను మాత్రం కూర్చుని వింటాను. పొద్దుటినుంచి కాళ్ళు లాగేస్తున్నాయి.”

పోనీ లావుగానో, ముసలిగానో, ముక్కోపిగానో ఉండి ఉంటే ఎంత బావుండేది! గుమ్మం నెత్తికి తగిలేంత ఎత్తు, కూర్చున్నా అందంగా ఉండే మనిషి, పైగా హాస్యం. పిచ్చుక చూపు ఎక్కడ పెట్టాలో తెలియక టేబుల్ మీద పడింది. అక్కడ రిజిస్టర్ తెరిచి ఉంది.

మందు కొలిచాక ప్రతి సీసాలోనూ అడుగున కాస్త మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని మందును చంపేసే నీలం నీళ్ళ జాడీలో పారబొయ్యాలి. పారబోయడం కళ్ళారా చూసినట్టు చుక్కలు, సిస్టర్ ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఆ రిజిస్టరే ఇది. పిచ్చుక దాన్ని ఎన్నడూ చూడలేదు, చూడకూడదు కూడా. ఏ నంబరు రోగికి ఏది పడిందో అందులో ఉంటుంది. అందుకని, అంత మంటలోనూ, తన చేతిలో ఉన్న మార్కుల అట్టను నంబర్ల వరుసల మీద నిలువునా పరిచింది. మొగుడి మీద నమ్మకం పోయినా పని మీద పోలేదు మరి. అట్టకు కుడివైపు సంతకాలు మాత్రమే మిగిలాయి.

రెండు వరుసలు. ఆయనదీ, ఆవిడదీ. పక్కపక్కన. పేజీ తిప్పింది. మళ్ళీ పక్కపక్కన. అట్ట జరుపుకుంటూ వెనక్కి ఇంకో పేజీ, ఇంకో పేజీ. పెళ్ళి రిజిస్టర్‌లో తను, తన మొగుడు పక్కపక్కన సంతకం పెట్టింది ఒకే ఒక్కసారి. దాని ఫోటో తీసి ఫోన్‌లో దాచుకుని వారానికి నాలుగుసార్లు చూసుకుంటుంది. వీళ్ళు రోజుకు రెండుసార్లు, ఆదివారాలు తప్ప, ఏడాదిగా!

“ఏం చూస్తున్నావ్?” అంది సిస్టర్. గొంతులో హాస్యం కొంచెం తగ్గింది.

“మీ సంతకం.”

“దాన్నేం చేస్తావ్?”

ఏం చేస్తుందో పిచ్చుకకూ తెలియదు. ఆవిడ చేతిరాతలో వంక వెతుకుదామని మొదలుపెట్టింది, అంతే. పొగరు కనబడుతుందేమో, వయ్యారం కనబడుతుందేమో. మెడలో వేలాడే భూతద్దం ఎత్తింది. దాని గాజు మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి, రోగుల రాతలు కొలవడానికి. ఏడాది కిందటి సంతకం పద్నాలుగు మిల్లీమీటర్లు, తోక తిప్పుకుంటూ ధీమాగా ఉంది. నాలుగు పేజీల తర్వాత పదకొండు. ఆ తర్వాత తొమ్మిది, అదీ చివర్లో చీమలబారులా సన్నబడింది. ఆ తర్వాత ఆరు.

చేతిలో భూతద్దం ఆగిపోయింది.

అసూయతో చూడటం మొదలుపెట్టిన కళ్ళు, ఏ క్షణాన తమ ఉద్యోగంలో చేరిపోయాయో ఆమెకే తెలియలేదు. ఇలాంటి రాత ఆమె రోజుకు ఇరవై చూస్తుంది. ఈ జబ్బులో వణుకు రాకముందే, నడక మారకముందే, అక్షరాలు ముందుగా ముడుచుకుపోతాయి. రాసేవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే రాస్తున్నామనుకుంటారు.

“సిస్టర్,” అంది. “ఎప్పటినుంచి?”

సిస్టర్ చంక కిందినుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యలో కనబడని గోళీ ఏదో దొర్లిస్తున్నట్టు మెల్లగా ఆడుతున్నాయి.

“ఎనిమిది నెలలు. సీసా మూత విప్పలేకపోయాను ఒకరోజు. నీ మొగుడే కనిపెట్టాడు, ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాను. అప్పటినుంచి కొలవడం అంతా తనే చేస్తున్నాడు, నాచేత ఒక్క చుక్క కూడా కొలవనివ్వడు. కాబట్టి రోగుల గురించి కంగారు పడకు. శనివారం శనివారం మణికట్టు అటూ ఇటూ తిప్పి చూస్తాడు, ఎంత బిగుసుకుందోనని. ఇందాక నువ్వు చూసిన సరసం అదే.”

“మరి ఆ నవ్వు?”

“వదులయింది సిస్టర్ అని ఎగిరాడు. వెర్రినాయన.”

పిచ్చుకకు ఊరట కలగాలి. కలిగింది కూడా, ఒక గుటక మంచినీళ్ళంత. దాని వెనకే ఇంకోటి పొడుచుకొచ్చింది. ఎనిమిది నెలలు. వాళ్ళ పెళ్ళి మూడు నెలలు. పక్కన పడుకుని కాలు మీద కాలు వేసుకుని, కరెంటు బిల్లు దగ్గర్నుంచి కలల దాకా అన్నీ చెప్పుకున్న మనిషి, ఈ ఒక్కటీ చెప్పలేదు. ఇది మందు రహస్యం కాదు కదా, పెద్ద డాక్టరు రాయించుకున్న కాగితంలో లేదు కదా! ఈవిడ అడిగింది, ఆయన దాచాడు. చెయ్యి పట్టుకున్నదానికన్నా ఇదే ఎక్కువ నొప్పి పెట్టింది.

మొదటిసారి కలిసి కాఫీ తాగినప్పుడు చుక్కలు పిచ్చుకకు ఈ మందు గురించే చెప్పాడు. మెదడులో నరాల కణం ఒంటరిగా బతకలేదట. పక్కవాళ్ళ దగ్గరినుంచి ఒక ప్రొటీన్ వచ్చి దాని తలుపు తట్టి, నువ్వు కావాలి, కొమ్మలు వెయ్యి అని కబురు చెబుతూ ఉండాలట. దాన్నే గ్రోత్ ఫ్యాక్టర్ అంటారట, ఈ మందూ అదేనట. కబురు ఆగితే కణం తనంతట తానే ముడుచుకుపోతుందట. “అంటే రోజూ ఎవరో ఒకరు కావాలని చెబుతుండాలన్నమాట” అంది పిచ్చుక. “అంతే” అన్నాడాయన. ఆ ‘అంతే’కు పడిపోయింది. ఇప్పుడు చూస్తే తలుపు తట్టే కబుర్లన్నీ ఈవిడకే వస్తున్నాయి.

కోపంతోనే మిగతా పేజీలు తిప్పింది. ఆరు. ఆరు. ఏడు. భూతద్దం తుడిచి మళ్ళీ పెట్టింది. తొమ్మిది. నిన్నటిది పదకొండు, తోకతో సహా.

“ఇది ఎలా?” అంది. “సిస్టర్, ఈ రాత వెనక్కి రాదు. మాత్రలు వేసుకుంటే వణుకు తగ్గుతుంది, నడక తేలికవుతుంది. రాత మాత్రం ఇంత త్వరగా ఇంతగా పెరగడం నేను చూడలేదు.”

సిస్టర్ ముందుకు వంగింది. వంగగానే కరెంటు తీగ తగిలినట్టు ఉలిక్కిపడి నిటారుగా అయింది. ఒక చెయ్యి మెడ మీదకు పోయింది. క్షణం తర్వాత, ఇంతసేపూ లేని ఆత్రంతో అడిగింది.

“పెరిగిందా? నిజం చెప్పు. నాకు అలా అనిపిస్తోంది, కానీ నన్ను నేను నమ్మలేను. ఈ భవనంలో కొలవడం తెలిసిన కన్ను నీదొక్కటే. నిన్నెలా అడగాలా అని రెండు వారాలుగా నీ గది ముందు తచ్చాడుతున్నాను.”

టేబుల్ చివర ట్రేలో నాలుగు సీసాలున్నాయి. చిటికెనవేలి గోరంత సీసాలు, అడుగున కంటి తడంత మందు. పక్కనే నీలం జాడీ. సిస్టర్ చూపు వాటి మీదకు పోయి వచ్చింది. అంతే, పిచ్చుకకు అర్థమైపోయింది.

“పారబొయ్యడం లేదు మీరు.”

సిస్టర్ ట్రేను తనవైపు జరుపుకుంది.

“మిగిలింది మీరు వేసుకుంటున్నారు.”

“పారబోసేదే కదమ్మా! ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోలేదు. ఏది మందో ఏది నీళ్ళో నాకు తెలుసు, తెలిసి ఊరుకోవడం ఎలాగో నువ్వు చెప్పు. తొమ్మిది వారాలు. చూడు, వేళ్ళు చూడు!”

“తెలుసు కాబట్టే నేను నమ్మను,” అంది పిచ్చుక. “మందు పడిందన్న ధీమాతోనే ఈ జబ్బులో చెయ్యి కుదుటపడొచ్చు. ఉప్పునీళ్ళు పడ్డవాళ్ళు కూడా బాగా రాసిన రోజులున్నాయని పెద్ద డాక్టరే చెబుతాడు. పైగా ఇది పెంచే మందు సిస్టర్. పెంచమన్న చోటే పెంచుతుందని ఎవరు చెప్పారు? ఇందాక మెడ వంచితే ఏమైంది మీకు?”

“ఏం కాలేదు.”

“కరెంటు కొట్టినట్టు ఎగిరారు.”

“ఈ మధ్యే. వెన్ను మీదుగా కాళ్ళ దాకా జివ్వుమంటుంది. ఒక్క క్షణం.” సిస్టర్ నవ్వబోయింది, కుదరలేదు. “కాస్త బరువు కూడా తగ్గాను. అందరూ అందం పెరిగిందంటున్నారు.”

ఆ అందాన్నే తను ఇన్ని రోజులూ లోలోపల తిట్టుకుంది. పిచ్చుకకు సిగ్గేసింది.

“ఆయనకు తెలుసా?”

“తెలిస్తే ఒక్కరోజు ఊరుకుంటాడా? మందు పట్టుకుని పరుగెత్తాలి కదా పాపం. పారబోయడం నా వంతు. తిరిగొచ్చి సంతకం పెడతాడు. చూడడు. నామీద నమ్మకం.”

పిచ్చుక రిజిస్టర్ వైపు చూసింది. ఇందాక కళ్ళల్లో నిప్పులు పోసిన ఆ పక్కపక్క వరుసలే. తొమ్మిది వారాలుగా, రోజుకు రెండుసార్లు, చూడనిదాన్ని చూశానని మొగుడు తన పేరు రాశాడు. ఎప్పుడైనా బయటపడితే ఆవిడ జబ్బుమనిషి, జాలిపడతారు. ఆయన? దొంగసంతకాల ఫార్మసిస్టు. ఈ ఉద్యోగమే కాదు, ఇంకెక్కడా మందు ముట్టుకోనివ్వరు.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. పైకి వస్తోంది.

సిస్టర్ లేచింది. ట్రేలోని నాలుగు సీసాలూ కోటు జేబులోకి వెళ్ళాయి. ఎంత అలవాటైన కదలికంటే, పిచ్చుక చూస్తుండగానే చూడనట్టయింది. “అమ్మాయ్,” అంది వంగకుండా, గొంతు తగ్గించి, “ఆరు వారాలు. ఆరే. పదమూడుకు వస్తుందేమో చూడనివ్వు. తర్వాత నేనే చెబుతాను అతనికి.”

మొగుడికి తెలియనిది తనకు తెలిసింది, మొట్టమొదటిసారి. అదీ ఆవిడతో కలిసి. ఇన్నాళ్ళూ కుళ్ళుకున్న చోట ఇప్పుడు తనే నిలబడి ఉంది. అంత బాగా ఏం లేదు అక్కడ.

తలుపు తెరుచుకుంది. ఖాళీ మంచుపెట్టెతో చుక్కలు రొప్పుతూ వచ్చాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రక్తపాతం జరగలేదని తేలాక మొహం విచ్చుకుంది.

“చెప్పేశారా సిస్టర్?”

“చెప్పేశాను. నీ పెళ్ళాం మంచి పిల్ల.”

“హమ్మయ్య. పిచ్చుకా, సారీ. మాటిచ్చాను, అందుకే.” భుజం తట్టబోయి, ఆఫీసని గుర్తొచ్చి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో రోజైతే ఆ ఒక్కదానికే ఆమె సాయంత్రం దాకా మురిసిపోయేది. “పారబోశారా?”

“పారబోశాను” అంది సిస్టర్.

ఆయన పెన్ను తీశాడు. ఇవాళ్టి తేదీ ఉన్న వరుసలో ఆవిడ సంతకం అప్పటికే ఉంది. దాని పక్క గడి ఖాళీ. పిచ్చుక ఆ గడి మీద అరచెయ్యి పెట్టింది.

“పెట్టకండి.”

“ఏంటి?”

“పారబోయడం మీరు చూశారా? మీ కళ్ళతో?”

చుక్కలు బిత్తరపోయాడు. తర్వాత నవ్వాడు. ముక్కు ఎగబీల్చే నవ్వు కాదు. చిన్నపిల్లల అలకకు పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. “ఇంకా తగ్గలేదా? సిస్టర్ పక్కన నా సంతకం ఉన్నా ఓర్చుకోలేవా? ఇంత కుళ్ళయితే ఎలాగే నాతో?”

పిచ్చుక సిస్టర్ వైపు చూసింది. ఒక్క మాట అంటే చాలు ఆవిడ.

“పోనీలేవోయ్, కొత్త పెళ్ళికూతురు,” అంది సిస్టర్. “అవన్నీ ఉంటాయి.”

నిజం చెబితే కుళ్ళుమోతు చెప్పిన చాడీ అవుతుంది. చెప్పకపోతే ఆయన పేరు ఇంకొక్కసారి ఆ గడిలో పడుతుంది. చుక్కలు ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా, ఎంతో ముద్దుగా, కాగితం మీదినుంచి ఎత్తాడు. పెన్ను వంచాడు. మొదటి అక్షరం మొదటి వంపు పడింది.

గది నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో సన్నగా, గబగబా, గాజు గాజుకు తగులుతున్న చప్పుడు మొదలైంది. టిక్ టిక్ టిక్. ఆగదు. సిస్టర్ కుడిచెయ్యి జేబులో ఉంది. దాన్ని ఆపడానికి ఎడమచేత్తో కోటు పైనుంచే గట్టిగా అదుముకుంది. అదిమినకొద్దీ ఎక్కువైంది.

చుక్కలు పెన్ను ఎత్తాడు. పదేళ్ళుగా అలాంటి సీసాలతో బతుకుతున్నవాడు. ఆ చప్పుడు ఆయనకు నిద్రలో వినిపించినా తెలుస్తుంది. పెళ్ళాం మొహంలోకి చూశాడు, నవ్వు ఇంకా పెదాల మీదే మిగిలి ఉండగా. తర్వాత చూపు మెల్లగా, వద్దు వద్దనుకుంటూ, ఆ తెల్లకోటు జేబు వైపు తిరిగింది.